మంచాన్ని కదపలేక ఊరిని కదిపిన పూట

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. నా చేతిలో పడ్డ సంగతి ఏదైనా రాత్రి నానబెట్టిన శనగల్లా తెల్లారేసరికి గిన్నె పట్టకుండా ఉబ్బుతుంది. విజయనగరంలో నాది విత్తనాల కొట్టు. ఆ వ్యాపారంలో ఉన్నవాడికి ఇది రోగం కాదు, పనిముట్టు. గుప్పెడు గింజలు రైతు చేతిలో పోసి, "ఇవి చల్లితే నీ చేలో గట్టు కనబడదు, పక్కూరి వాళ్ళు వచ్చి ఫోటోలు దిగుతారు" అనకపోతే అవి నా గోతాల్లోనే మొలకలెత్తుతాయి.

కాబట్టి ఇందులో జనం వెయ్యిమంది అని నేనంటే మీకు తోచినంత కోసేసుకోండి. అసలు జరగనే జరగనిది ఒకటుంది, అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను. బావ గుండె సంగతి మాత్రం కోసుకోవద్దు. అది నేను పెంచింది కాదు.

మా అక్కనిచ్చిన ఊరు కళింగపట్నానికి ఇవతల, వంశధార కాలవ కింద ఉంది. సముద్రం కనబడదు గానీ గాలి తిరిగినప్పుడల్లా ఎండుచేపల వాసన వచ్చి ఇంటింటికీ పలకరింపు చెప్పిపోతుంది. వరి పండుతుంది, పెసలు పండుతాయి, తగువులు ఏటా మూడు పంటలు పండుతాయి. చాలాకాలం పండనిది ఒక్క సిగ్నలే. ఊరి మొత్తానికి ఫోను పలికే చోటు ఒకే ఒకటి ఉండేది: ప్రభుత్వాసుపత్రి వరండాలో తూర్పు మూల. దానికి సిగ్నలు మూల అని పేరే పడిపోయింది. ఆ మూల అరుగు మీద కుదిరిన సంబంధాలు, చెడిన సంబంధాలు, బేరమాడిన గేదెలు లెక్కలేనన్ని. అక్కడి గోడకి జనం వీపులు ఆనించి ఆనించి సున్నం పోయి, ఇటుకలు పోయి, గోడే ఓ జానెడు లోపలికి జరిగిందని నేనంటాను. కావాలంటే రెండంగుళాలు అనుకోండి.

ఈమధ్య ఊరి వెలుపల చెరుకు తోట పక్కనున్న టవరు మీద పాత యాంటెనాలు దించి కొత్త పలకలు ఎక్కించారు. అప్పట్నించీ వంటింట్లో సిగ్నలు, చేలో సిగ్నలు, గేదెల శాలలో సిగ్నలు. అయినా ఊరి కాళ్ళు మాట వినలేదు. ఫోను మోగడం ఆలస్యం, మంచం మీద పడుకున్నవాడు కూడా లేచి, చెప్పులేసుకుని, "ఆఁ, ఉండు, సిగ్నలు కాడికి ఎల్తన్నాను" అంటూ ఆసుపత్రి దారి పడతాడు. ఇంట్లో నాలుగు గీతలుంటాయి, ఆ గీతల్నే చేతిలో పట్టుకుని వెళ్ళి ఆ మూల నిలబడి మాట్లాడతాడు.

ఈ కొత్త పలకల గురించి మాకు చెప్పింది మా మేనకోడలు, అంటే అక్క కూతురు. టవర్ల నుంచి ఏ వీధిలో ఎంత అందుతోందో కారులో తిరుగుతూ కొలిచే ఇంజనీరు. ఉద్యోగం విజయనగరంలోనే. ఆ వారం సెలవు పెట్టుకుని పుట్టింటికి వస్తూ నన్నూ లాక్కొచ్చింది. వచ్చిన సాయంత్రం పెరట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. బావ టవరు కేసి చూసి అడిగాడు.

"ఆ పలకలో ఏటున్నాదే?"

"చిన్న చిన్న యాంటెనాలు నానా. ఒక్కోదాంట్లో అరవై పైనే."

"అరవై నోళ్ళేటి! మీ అమ్మకి ఒక్కటే ఉన్నాది. దానికే నాను తట్టుకోలేకపోతన్నాను."

వంటింట్లోంచి అక్క గొంతు వచ్చింది. "ఇనబడింది. రేపు టిఫినుకి ఆ టవరు కాడికే ఎల్లు."

మేనకోడలు నవ్వి, కుడితి గోలెం పక్కనున్న మంచినీళ్ళ గోలెం దగ్గరికి మమ్మల్ని పిలిచింది. నీళ్ళలో రెండు వేళ్ళు ముంచి లేపింది. అలలు బయల్దేరాయి. కొన్నిచోట్ల రెండూ కలిసి పైకి లేచాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపేసుకుని నీళ్ళు కదలకుండా ఉండిపోయాయి.

"సూసినావా నానా? ఏ వేలు ఎప్పుడు ముంచాలో తెలిస్తే అల నాకు కావలసిన చోటే లేస్తాది. అరవై వేళ్ళుంటే నీ చెవి దగ్గర అల లేపి, పక్కవీధి పెదనాన్న చెవి దగ్గర అదే అలని పడుకోబెట్టొచ్చు. ఆయన మాటకి ఇంకో అల. అది నీ దగ్గర పడుకుంటాది. గాలి ఒక్కటే, వాడుకునేది ఇద్దరూ ఒకేసారి. ఇదివరకు అలా కాదు, ఒకరి తరవాత ఒకరికి వంతు."

"మరి మీ పెదనాన్నా నానూ ఒకే అరుగు మీద భుజాలు రాసుకుని కూకుంటే?"

"అప్పుడు దానికి విడదియ్యడం రాదు. మళ్ళీ వంతులే."

"అయితే మీ పెదనాన్న దూరంగానే ఉండనీ. ఎలగూ మాటల్లేవు" అన్నాడు బావ.

నాకు అందులో సగం అర్థమైంది. విజయనగరం వెళ్ళాక రెట్టింపు చెబుదామని మనసులో అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న బావ చేను నుంచి తొందరగా వచ్చేశాడు. గ్యాసు అన్నాడు. దారిలో కిళ్ళీకొట్టు దగ్గర ఒక సోడా తాగాడట. ఇంటికొచ్చి ఇంకోటి తెప్పించుకున్నాడు. త్రేన్పు రాలేదు. దవడ లాగుతోంది, పన్ను పోటేమో అన్నాడు. అక్క వచ్చి ఆయన వీపు మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకుంది. తడి. ఆ పూట మబ్బేసి ఉంది, గాలి చల్లగా ఉంది, ఆయన చొక్కా పిండితే బిందె నిండేలా ఉంది. ఇది పెంచడమే గానీ, ఎక్కువ పెంచలేదు.

"ఒరే, ఇది గ్యాసు కాదురా" అంది అక్క నాతో. అంతే. దేనికైనా కేకలేసే మనిషి అంత నెమ్మదిగా మాట్లాడ్డం నేను ఎప్పుడూ వినలేదు. నాకు భయం అక్కడ మొదలైంది.

బండి మీద నేను, వెనక బావ, ఆయన పడిపోకుండా వెనక మేనకోడలు. ఆసుపత్రి ఎంతో దూరం లేదు. నాకు మాత్రం ఇచ్ఛాపురం దాకా పోయినట్టనిపించింది.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. బావ ఛాతీ మీద వైర్లు అంటించి, మిషన్లోంచి వచ్చిన కాగితం చూసింది. రెండోసారి చూసింది. తరవాత మాతో మాట్లాడిన మాటల్లో తడబాటు లేదు.

"గుండెకి రక్తం వెళ్ళే దారిలో గడ్డ అడ్డం పడింది. దాన్ని కరిగించే ఇంజెక్షను నా దగ్గరుంది. ఎంత తొందరగా ఇస్తే అంత గుండె మిగులుతుంది. ఆయనకి ఇదివరకు కడుపులో పుండు గానీ, రక్తం పడడం గానీ ఉందా?"

వెనకాలే ఆటోలో వచ్చిన అక్క చెప్పింది. "పోయినేడు నల్లగా పడింది తల్లీ. శ్రీకాకులంలో మంచం ఎక్కించి రక్తం ఎక్కించినారు."

ఇంజెక్షను కోసం డాక్టరమ్మ చాచిన చెయ్యి ఆగిపోయింది.

"ఆ మందుకి గడ్డ ఏదో, మానిన పుండు ఏదో తెలీదమ్మా. అన్నిచోట్లా కరిగిస్తుంది. పుండు మళ్ళీ తెరుచుకుంటే ఇక్కడ నేను ఆపలేను. పెద్దాసుపత్రిలో గుండె డాక్టరు గారు చూసి ఇమ్మంటే ఇస్తాను. వద్దంటే అంబులెన్సులో పంపిస్తాను. ఆయనకి ఇప్పుడే చూపిస్తాను."

చూపించడానికి మంచం పక్కనే పలకలాంటి టాబు ఉంది. బావ ఛాతీ మీది వైర్లు దానికి కలిసి ఉన్నాయి. గుండె కొట్టుకునే గీతలు ఇక్కడ గీస్తుంటే అక్కడ డాక్టరు చూస్తాడు, రోగి మొహం చూస్తాడు, రోగితో మాట్లాడతాడు. ఆసుపత్రికి తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్టు ఉంది గానీ, ఆ పొద్దున్నే వీధిలో కాలవ తవ్వుతున్న జేసీబీ దాన్ని తెంపేసింది. ఇక మిగిలింది టాబులో ఉన్న సిమ్ము. డాక్టరమ్మ మీట నొక్కింది. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది.

తిరుగుతూనే ఉంది.

అంబులెన్సుకి చెప్పారు. అది ఇంకో ఊళ్ళో ఇంకొకర్ని దింపి రావాలి. మామూలుగా ఫోను చేస్తే గుండె డాక్టరు గొంతు ముక్కలైపోయి వచ్చింది. "చూడ... కుండా... పుండు అంటే... చూపిం..." అని తెగిపోయింది. బావ కళ్ళు మూసుకున్నాడు. చెమట కణత మీంచి చెవిలోకి జారుతుంటే తుడుచుకోడానికి చెయ్యి లేవలేదు.

ఇంతలో ఊరు వచ్చింది.

మా వైపు మనిషి మంచం ఎక్కాడంటే చూడ్డానికి రాకపోవడం కన్నా పెద్ద తప్పు లేదు. పొలం తగువులో తల పగలగొట్టుకున్న వాళ్ళు కూడా వచ్చి మంచం పక్కన నిలబడి, "ఎలగున్నాది?" అని అడిగి వెళ్ళాలి. నాట్లు ఆపేసి వచ్చారు, కాళ్ళకి బురదతో వచ్చారు, కొడవళ్ళు చూరులో దోపి వచ్చారు. వెయ్యి మంది. రెండు వేలు కూడా అందును గానీ, ఆ వరండాలో పట్టరు. డాక్టరమ్మ లోపలికి రానివ్వలేదు. బావ మంచం పక్క కిటికీ వరండాలోకి తెరుచుకుంటుంది. ఆ కిటికీ ఉన్నది ఏ మూలో నేను చెప్పక్కర్లేదు. మనిషిని చూడాలన్నా అదే మూల, ఫోను చెయ్యాలన్నా అదే మూల. వచ్చినవాడల్లా బావని ఓసారి చూసి, అయ్యో అని, జేబులోంచి ఫోను తీసి, రాలేకపోయిన వాళ్ళకి చూపించడం మొదలుపెట్టాడు.

"అదిగో, ఆ మంచమే. కనబడతన్నాదా? ముక్కులో గొట్టం ఎట్టినారు. ఉండు, దగ్గరగా ఎడతాను."

"ఒలమ్మో, ఎంతలా పాలిపోయినాడు! నిన్న గదేటి నాతో మాటాడినాడు!"

"నువ్వు ఏడవకే, నువ్వేడిస్తే నాకు బొమ్మ ఆగిపోతన్నాది."

విశాఖపట్నం వాళ్ళకి ఒకడు చూపిస్తున్నాడు, పలాస వాళ్ళకి ఒకామె చూపిస్తోంది, భోగాపురంలో విమానాశ్రయం పనికి వెళ్ళిన అన్నదమ్ములకి ఇంకో అన్నదమ్ములు చూపిస్తున్నారు. ఊరి ప్రేమంతా ఆ కిటికీలోంచి దిగుతోంది. లోపల చక్రం తిరుగుతోంది.

నేను నా ఫోను చూశాను. "గీతలు నిండా ఉన్నాయే!" అన్నాను.

"గీతలంటే టవరు గొంతు మనకి వినబడుతోందని మావయ్యా. మన వంతు వచ్చిందని కాదు" అంది మేనకోడలు. కిటికీలోంచి టవరు వైపు చూసింది, జనాన్ని చూసింది, నాన్న మంచాన్ని చూసింది. "అందరూ ఒకే మూల ఉన్నారు. నాన్న కూడా అదే మూల ఉన్నాడు. ఆ టవరు పలకకి ఇది ఒకే మనిషి లాగుంది."

గుండె గీతల కాగితాన్ని తన ఫోనులో ఫోటో తీసుకుని వెనక గుమ్మంలోంచి కాలవ గట్టు మీదికి పరిగెత్తింది. నేను బావ కాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. చల్లగా ఉన్నాయి. రుద్దితే వేడెక్కుతాయని రుద్దుతున్నాను, గుండెకీ దానికీ సంబంధం లేదని తెలిసినా.

వగరుస్తూ వచ్చింది. "గట్టెక్కగానే ఫోటో చిటికెలో వెళ్ళిపోయింది. ఆయనతో మాట్లాడాను కూడా, గొంతు గంటలా వినబడింది. ఫోటో చాలదంటున్నారు. పుండు ఉంది కాబట్టి గీతలు కదులుతుండగా చూడాలట, నాన్నని ప్రశ్నలు అడగాలట, మందు వేస్తున్నంతసేపూ చూస్తూ ఉండాలట."

"అయితే మంచం గట్టు మీదికి మోసుకుపోదాం. నలుగురం పట్టుకుంటే..." అన్నాను.

"అంగుళం కదపనివ్వను" అంది డాక్టరమ్మ. "ఆ గుండెకి ఇప్పుడు కుదుపు కూడా బరువే."

మంచాన్ని కదపలేం. ఇక ఊరిని కదపాలి.

వరండాలోకి వెళ్ళి చేతులు జోడించి, నా జన్మలో మొదటిసారి, ఏమీ కలపకుండా నిజం చెప్పాను. "బాబులూ, బావకి ప్రాణం మీదికి వచ్చింది. పట్నంలో డాక్టరుకి చూపించాల. మీరందరూ ఇక్కడే ఉండి ఫోన్లు సేస్తంటే అది ఎల్లడం లేదు. దండం ఎడతాను, కాసేపు తలో దిక్కుకీ పోండి."

ఒక్కడూ కదల్లేదు. బావ చేను పక్క చేను రైతు, బావతో మాటల్లేని ఆ పక్కవీధి పెదనాన్న, తలపాగా సర్దుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"నీ మాట నమ్మి సన్నరకం వరి ఏసినాను. ఎన్ను నేలకి తగులుతాదన్నావు. పొట్టు మిగిలింది. ఇప్పుడు మేం ఈ మూలనుంటే ఫోను పనిసెయ్యదంటావు! ఊరికి ఫోనొచ్చిందే ఈ మూలకి!"

"అదీ నిజమే గదేటి" అన్నారు నలుగురు.

మేనకోడలు ముందుకొచ్చింది. "పోనీ ఫోన్లు ఆపెయ్యండి పెదనానా, కొంచెంసేపు."

"అలాగేనమ్మా, అందరూ ఆపండ్రా!" అని తలపాగా ఆయనే కేకేశాడు. అందరూ పక్కవాడి ఫోను కేసి చూశారు. "నాదొక్కటే గదా, దీనికేటైపోద్ది" అంది పలాసకి చూపిస్తున్నామె. ఆ మాట వరండా అంతా చేతులు మారింది. ఆపినవాళ్ళకి అవతల్నించి ఫోన్లు వచ్చాయి: బొమ్మ ఎందుకు పోయింది, ఏమైంది, చెప్పరేం అని. ఇదివరకు మెల్లగా ఏడుస్తున్న వాళ్ళు ఇప్పుడు గట్టిగా ఏడవడం మొదలుపెట్టారు.

లోపల్నించి మిషను కూత మారింది. వేగంగా, తప్పటడుగులు వేస్తున్నట్టు. అక్క "ఏటండీ, ఏటండీ" అంటోంది. బావ పలకడం లేదు. డాక్టరమ్మ, "ఇంక ఎంతోసేపు ఆగలేను, ఇవ్వాలో వద్దో ఏదో ఒకటి నేనే తేల్చుకోవాలి" అంది. సూదిలోకి మందు ఎక్కించి పట్టుకుంది. ఇస్తే పుండు, ఇవ్వకపోతే గుండె. ఏది జరిగినా జీవితాంతం తను మోయాలి.

అప్పుడు నాకు తట్టింది. మా జనాన్ని పొమ్మంటే పోరు. పొమ్మనడం అంటే పరాయివాణ్ణి చెయ్యడం. పని చెబితే పోతారు. పని చెప్పడం అంటే సొంతవాణ్ణి చెయ్యడం. నిజం ఎలాగూ నా నోట అచ్చిరాలేదు.

నేరుగా తలపాగా ఆయన దగ్గరికే వెళ్ళి చెవిలో చెప్పినట్టు, అందరికీ వినబడేలా చెప్పాను. "బావ నీ పేరే కలవరిస్తన్నాడు పెదబావా. మోటారు ఆపకుండా వచ్చేసినాడంట. మడి తెగిపోద్దని గుండె ఇంకా కొట్టుకుంటన్నాది. నువ్వెల్లి ఆపితేగానీ ఆయన కుదుటపడడు. అక్కడే ఉండి అందరికీ ఫోను సేసి సెప్పు, ఆగిందని."

ఆయన మొహం మారిపోయింది. "ముందే సెప్పొద్దేటి!" అని చెప్పులు వదిలేసి పడమటి చేలకి పరిగెత్తాడు. ఆయనతో ఇంకో పదిమంది, గట్టు పట్టుకోడానికి.

ఆటో అబ్బాయిల్ని పట్టుకున్నాను. "అంబులెన్సు డ్రైవరుకి దారి తెలీదు. కాలవ వంతెన కాడ మీరు లేకపోతే తిన్నగా కళింగపట్నం పోయి సముద్రంలో దిగిపోద్ది!" ఆటోలు కదిలాయి. "ఒకవేళ ఉత్తరం రోడ్డు నుంచి వస్తే?" అన్నాడొకడు తెలివిగా. వాణ్ణి కావలించుకున్నంత పనిచేసి, వాడికి సగం జనాన్నిచ్చి ఉత్తరం రోడ్డుకి పంపాను. ఆడవాళ్ళతో, "అమ్మవారికి ముర్రాట బిందెలు పోస్తామని మీరంతా ఎల్లి గుడి కాడ మొక్కండి, పసుపు నీళ్ళు ఇప్పుడే కలపండి" అన్నాను. గుడి దక్షిణం కొసన ఉంది. బావ తమ్ముడు ఎండుచేపల బేరానికి తీరానికి వెళ్ళాడు, వాణ్ణి తీసుకురావడానికి ఒక బండి చాలు. ఏడు బండ్లు పంపాను. ప్రతివాడికీ ఒకటే చెప్పాను. "అక్కడికెల్లి ఫోను చేసుకోండి. ఎంతసేపైనా మాటాడుకోండి. ఇక్కణ్ణుంచి మాత్రం వద్దు."

చివరికి ఒక ముసలామె మిగిలింది, బావ మేనత్త. అరుగు మీద మఠం వేసుకు కూర్చుంది.

"అత్తా, నువ్వు ఇంటికెల్లి..."

"నానెల్లను."

"గేదెకి కుడితి..."

"దానికి నానంటే పడదు. ఎల్లను."

"డాక్టరుగారు నిన్నే..."

"ఒరే, నీ యిత్తనాలు నా కాడ సల్లకు. నాను ఎత్తుకుని పెంచిన గుంటడు లోపలున్నాడు. నన్ను కదిపితే ఈ అరుగు కదపాల."

ఎత్తి మోసుకుపోదామని వంగాను. మేనకోడలు నా చొక్కా పట్టుకుని లాగింది. "మావయ్యా! ఆవిడకి ఫోనే లేదు!"

లోపలికి పరిగెత్తాం. తెర మీద చక్రం ఇంకా తిరుగుతోంది. ఊరిని నాలుగు దిక్కులకీ తోలాను, ఇంక తోలడానికి దిక్కుల్లేవు. ఆ చక్రం ఒక్కసారి ఆగింది, మళ్ళీ తిరిగింది, మళ్ళీ ఆగింది. తరవాత అది ఉన్నచోట కళ్ళజోడు పెట్టుకున్న ఒక మొహం వచ్చింది. మొదట గళ్ళు గళ్ళుగా, తరవాత మనిషిలా.

"ఆఁ, కనబడుతోంది. టాబు కదపకండి. పెద్దాయనా, నా మాట వినబడుతోందా? మలం నల్లగా పడింది ఎప్పుడు? ఇప్పుడు కడుపులో నొప్పి ఉందా? ఛాతీలోనేనా?"

బావ కళ్ళు తెరిచాడు. తలూపాడు, చెయ్యి ఛాతీ మీద పెట్టాడు. డాక్టరు ఒక్కో ప్రశ్నా అడుగుతుంటే గీతలు అక్కడికి వెళ్తూనే ఉన్నాయి, తెగలేదు. డాక్టరు కళ్ళజోడు పైకి తోసుకుని ఆ గీతల కేసే చూస్తూ ఉండిపోయాడు. బొమ్మ ఆగిపోయిందనుకుని నేను టాబు మీదికి వంగాను. ఆయన ఆలోచిస్తున్నాడంతే.

"పుండు మానినట్టే ఉంది. గుండె మాత్రం ఇంక ఆలస్యం ఓర్చుకునేలా లేదు. ఇవ్వండి. నేను చూస్తూనే ఉంటాను."

డాక్టరమ్మ ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది. సూది చేతి నరంలోకి దిగుతుంటే బావ ఇటు తిరిగి, నా కళ్ళలోకి చూసి, గొణిగాడు. "ఒరే, ఈ మందైనా అసలుదేనా? నీ కొట్లో యిత్తనం లాంటిదేటి?"

అక్క ఏడుస్తూ నవ్వింది. తెర మీది డాక్టరు కూడా నవ్వాడు.

ఆ తరవాత చాలాసేపు మేం గీతల్నే చూస్తూ కూర్చున్నాం. కొండలా పైకి లేచి ఉన్న గీత మెల్లగా కిందికి దిగడం మొదలైందని డాక్టరమ్మ చూపించింది. నాకేమీ తేడా తెలియలేదు, ఆమె మొహంలో మాత్రం తెలిసింది. దవడ లాగడం తగ్గిందని బావ సైగ చేశాడు. వాంతి కాలేదు, రక్తం పడలేదు. అంబులెన్సు వంతెన మీంచే వచ్చింది. దాని ముందూ వెనకా ఊరేగింపులా ఆటోలు. ఉత్తరం రోడ్డు వాళ్ళు మాత్రం సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డారట. వాళ్ళకి రమ్మని చెప్పడం ఎవరికీ గుర్తు రాలేదు.

శ్రీకాకుళంలో గుండె దారిలో చిన్న గొట్టం పెట్టి పంపించారు. బావ ఇప్పుడు చేనుకి వెళ్తున్నాడు, గట్టు మీద కూర్చుని అందరికీ పనులు చెబుతున్నాడు. నేనొకసారి మేనకోడలిని అడిగాను. జనం చెదిరితే అరవై వేళ్ళూ విడివిడిగా అలలు లేపాయా, లేక పరుగులో ఉన్నవాళ్ళు ఫోన్లు చెయ్యడం మానేశారు కాబట్టి దారి ఖాళీ అయిందా? "రెండూ అయ్యుండొచ్చు మావయ్యా. మోటారు కాడ పెదనాన్న మాత్రం ఫోను ఆపలేదు, భోగాపురానికి మొత్తం మడి చూపించాడు" అంది. నేను మొదటిదే అని చెబుతాను. చెప్పుకోడానికి అదే పెద్దగా ఉంది.

ఇక ఒప్పుకోవలసింది ఉంది. జనం వెయ్యిమంది కారు, మీరు ఎలాగూ కోసేసుంటారు. ఏడు బండ్లు కూడా కావు. అవన్నీ పెంచినవి, లేనివి కావు. అసలు లేనిది ఒక్కటే. సూది దిగుతున్నప్పుడు బావ నా విత్తనాల మీద ఆ మాట అనలేదు. ఏమీ అనలేదు. నాలిక ఎండిపోయి పెదాలకి అంటుకుపోయింది. నా బొటనవేలు దొరకబుచ్చుకుని, చిన్నపిల్లలు పట్టుకున్నట్టు గుప్పిట్లో బిగించాడు, పైకప్పు ఫ్యాను కేసి చూస్తూ ఉండిపోయాడు. ఎవరూ నవ్వలేదు.

ఆ మాట అంబులెన్సు వెనక బండి మీద వెళ్తూ నేను కల్పించుకున్నాను. ఏదో ఒకటి ఉండాలి కదా ఆ చోట. ఊళ్ళో అందరికీ చెప్పాను. మొన్న వెళ్తే బావ వీధి అరుగు మీద నలుగుర్ని కూర్చోబెట్టుకుని, ఆ మాట తనే అన్నట్టు చెబుతున్నాడు. పైగా, డాక్టరు నవ్వి నవ్వి కళ్ళజోడు కింద పడేసుకున్నాడని కూడా కలిపాడు. అక్క గుమ్మంలో నిలబడి నా కేసి చూసింది. నేను కాదనలేదు.